పెద్దమ్మ కోసిన పళ్లు

మా పెద్దమ్మ పోయింది. పోయిన గురువారం సత్తెనపల్లి నుంచి మా ఆఫీసుకి ట్రంకాల్ వచ్చింది. "ప్రభువు పిలుచుకున్నాడమ్మా" అని పాస్టరుగారు చెబుతుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో చెబుతాను, వినండి.

పెద్దమ్మ ఆడపిల్లల హైస్కూల్లో టీచరు. నన్ను చదివించి ఈ ఉద్యోగం దాకా తెచ్చింది ఆవిడే. బడి మూసే ముందు, ఎండలు మండే రోజుల్లో, టీచర్లు వంతులవారీగా ఒకరినొకరు ఇంటికి పిలుచుకునేవాళ్లు. పెద్దమ్మ వంతు వచ్చిన రోజున నేను సెలవు పెట్టి మరీ గుంటూరు నుంచి వెళ్లేదాన్ని. బ్రాడీపేటలో చీజ్ డబ్బా కొని, తడిగుడ్డ చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేదాన్ని. చీజంటే మా వైపు చాలామందికి సబ్బుబిళ్లే. పెద్దమ్మకి మాత్రం అది చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో దొరసాని నేర్పిన విద్య.

పెద్ద స్టీలు పళ్లెంలో ఐసు పరిచి, పైన అరిటాకు వేసేది. పుచ్చకాయని తామరపువ్వులా విడదీసి మధ్యలో నిలబెట్టేది. చుట్టూ బంగినపల్లి ముక్కలు, కర్బూజా, కొబ్బరి ఈనెలకి గుచ్చిన ద్రాక్షా చీజూ, అంచున అందానికో బత్తాయి. నేను చెయ్యి పెట్టబోతే, "ఆగవే తల్లీ, ద్రాక్ష తడారనీ, చీజు జిగటైపోద్ది" అని కసిరేది. అంతా అయ్యాక వాకిట్లోకి వెళ్లి, చుట్టపుచూపుగా వచ్చినదానిలా లోపలికొచ్చి చూసుకునేది. "ఎట్టుందే?" అనేది. ఎంత బాగుండేదో ఏం చెప్పను!

టీచర్లు వచ్చేవాళ్లు. "అబ్బ, ఎంత బాగుందండీ! తినబుద్ధే కావట్లేదు" అనేవాళ్లు. నిజంగానే తినేవాళ్లు కాదు. ఒకరికి ఉపవాసం, ఒకరికి పంటినొప్పి, ఒకరికి చల్లనివి పడవు. హెడ్మిస్ట్రెస్ గారు ఆ బత్తాయి అందుకుని, గోళ్లతో నానా తంటాలు పడి ఒలుచుకుని తినేవారు. సంగతేమిటంటే, ఊరవతల మా పేటవాళ్ల ఇంట్లో తొక్క ఉన్న పండు తినొచ్చు, మా చేత్తో కోసిన ముక్క తినకూడదు. మా అమ్మమ్మ బతికినన్నాళ్లూ వాళ్ల కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసింది. ఆ కారం అందరి కూరల్లోకీ వెళ్లింది. దానికి ఏ ఉపవాసమూ అడ్డు రాలేదు.

"ఎందుకు పెద్దమ్మా నీకీ తిప్పలు? అరటిపళ్లు పెట్టు, ఒలుచుకు తింటారు" అన్నాను ఒకసారి ఉండబట్టలేక.

"ఒలుచుకు తినేదానికి మనింటికెందుకే రావటం? బజార్లో దొరకవా?" అంది. పళ్లెం సర్దుకుంటూ, "ఒక్కళ్లు, ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే చాలే నాకు" అంది.

ఆ ఒక్కళ్లు లేకపోయారు. రిటైరయ్యే ఏడాది కూడా లేరు. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక, కరిగిన ఐసులో తేలుతున్న ముక్కల ముందు కూర్చుని, "ఇంకెవరు తింటార్లే" అంటూ తనే ఒకటి నోట్లో వేసుకుంది. నాకొకటి పెట్టింది. ఆ మర్నాడు ఆ పళ్లెం ఎవరికో ఇచ్చేసింది.

రోజులు మారతాయి అనేవాళ్లు నాకు చాలామంది తగులుతుంటారు. మారితే మంచిదే. మా పెద్దమ్మకి మాత్రం మారలేదు, ఇక మారవు.

మట్టి చేసే రోజు టీచర్లంతా వచ్చారు. దండలు వేశారు, ఏడ్చారు. అవి దొంగ ఏడుపులని నేననను. ఎప్పుడొచ్చినా అరగంటకే లేచిపోయేవాళ్లు, ఆ రోజు ఎవరూ కదల్లేదు. చావింట్లో ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టరు కదా. హెడ్మిస్ట్రెస్ గారు షామియానా కింద కుర్చీలో వెనక్కి వాలి, కొంగుతో విసురుకుంటూ, పొద్దు వాలేదాకా నింపాదిగా కూర్చున్నారు.