ఏథెన్స్ సముద్రంలో పన్నెండు నిమిషాలు

మా ఆయన ప్రత్తిపాడు దగ్గర హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పారు. మధ్యధరా ప్రాంతంలో వేసవి పొడిగా ఉంటుంది, చలికాలంలో వానలు పడతాయి అని ఏటా బోర్డు మీద రాసేవారు. రిటైరయ్యాక ఆయన కోరిన కోరిక ఒక్కటే. ఆ చలికాలపు వానలో ఒకసారి నిలబడాలి, పార్థినాన్ గుడి స్తంభాలు స్వయంగా లెక్కపెట్టాలి. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంగా చేసి ఆయనకన్నా ఏడాది ముందే రిటైరయ్యాను. ఏ పని చేసినా టైము రాసుకోవడం ఆ ఉద్యోగం నేర్పిన అలవాటు. అందుకే ఈ కథనంలో గడియారం కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది.

ఫిబ్రవరి మొదటి వారంలో బయల్దేరాం. మా చుట్టుపక్కల మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. మా పొలం కౌలుకిచ్చేశాం కాబట్టి మాకు ఆ హడావిడి లేదు. ఉదయం గుంటూరులో రైలెక్కితే, పక్క సీటులో చిలకలూరిపేట పత్తి వ్యాపారి ఒకాయన మా మందపాటి కోట్లు చూసి ఎక్కడికని అడిగారు. చెప్పాం. "చలికాలంలో చలి దేశానికి ఎవరైనా పోతారా అండీ?" అన్నారు. చలికాలంలో జనం తక్కువ, టికెట్లు చవక, గదులు సులువుగా దొరుకుతాయి అని మా ఆయన వివరించారు. వ్యాపారికి నమ్మకం కుదిరినట్టు లేదు. మీలో ఎవరికైనా ఇదే సందేహం ఉంటే, మా ఆయన చెప్పిందే నిజం. ఏ గుడి దగ్గరా మేం పావుగంటకు మించి వరసలో నిలబడలేదు.

హైదరాబాదులో తెల్లవారుజామున విమానం, మధ్యలో ఒక చోట మారడం. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఏథెన్స్‌లో దిగాం. విమానాశ్రయం నుంచే మెట్రో ఉంది. నలభై నిమిషాల్లో ఊరి నడిబొడ్డున మొనాస్తిరాకి స్టేషన్లో దింపింది. అక్కడికి ఐదు నిమిషాల నడకలో రెండో అంతస్తులో చిన్న వంటిల్లున్న గది ముందే మాట్లాడుకున్నాం. వెళ్ళేవాళ్ళు వంటిల్లున్న గదే తీసుకోండి. మేం కందిపొడి, గోంగూర పచ్చడి, ఒక చిన్న కుక్కరు తీసుకెళ్ళాం. పొద్దున రోడ్డు మీద అమ్మే నువ్వుల రొట్టె, మధ్యాహ్నం బయట ఏదో ఒకటి, సాయంత్రం ఇంట్లో అన్నం. వారం రోజులు ఇలాగే గడిచాయి. ఒంట్లో ఏ తేడా రాలేదు.

వీధుల నిండా నారింజ చెట్లు, వాటి నిండా పండ్లు. ఎవరూ కోయరు. ఒకటి రాలిపడితే మా ఆయన ఒలిచి నోట్లో వేసుకుని, ముఖం అదోలా పెట్టి, వెంటనే ఊసేశారు. అది పచ్చళ్ళకీ మురబ్బాకీ పనికొచ్చే పులుపు రకమట.

రెండో రోజు ఉదయం తొమ్మిదింటికి పార్థినాన్ ఉన్న కొండ ఎక్కాం. టికెట్టు ఫోన్లో ముందే కొని, ఏ గంటకు వస్తామో చెప్పాలి. పాలరాతి మెట్లు నున్నగా జారుతుంటాయి, మంచి పట్టున్న బూట్లు వేసుకోండి. పైకి చేరగానే మా ఆయన స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముందు ఎనిమిది, పక్కన పదిహేడు. పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయని ఆయనకు మహా సంతోషం. నేను గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తెల్లటి ఇళ్ళన్నీ దాటాక, దూరంగా, సముద్రం కనిపించింది. ఎండకు తళతళా మెరుస్తోంది. ఆయన వచ్చి భుజం తట్టేదాకా నేను గుడి వైపు తిరగనే లేదు.

ఆ సముద్రాన్ని దగ్గరగా చూడాలన్నది నా కోరిక. మూడో రోజు ముందు కూరగాయల మార్కెట్‌కి వెళ్ళాం. చలికాలంలో అక్కడ అడవి ఆకుకూరలు కుప్పలుగా పోసి అమ్ముతారు. రెండు కట్టలు కొని సంచిలో వేసుకుని, పదకొండున్నరకు సింటాగ్మా కూడలిలో ట్రామ్ ఎక్కాం. ఒక యూరో ఇరవై సెంట్ల టికెట్టు గంటన్నర పనిచేస్తుంది. ముప్పావుగంట ప్రయాణం. ఎడెం అనే స్టాపులో దిగితే రోడ్డు అవతలే ఇసుక.

ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. నేను స్వెట్టరు మీద కోటు వేసుకున్నాను. ఎదురుగా నీళ్ళలో తలలు కదులుతున్నాయి. తెల్ల జుట్టు తలలు. అరవై, డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళు పది మంది దాకా ఉన్నారు. మెడ పైకెత్తి, కబుర్లు చెప్పుకుంటూ ఈదుతున్నారు. ఏడాది పొడుగునా రోజూ వస్తారట. నేను కదలకుండా చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపటికో, ఆయన వైపు తిరగకుండానే, "నాకు ఈత వచ్చు," అన్నాను.

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"పొన్నూరు దగ్గర, కొమ్మమూరు కాలవలో. మా అన్నయ్యతో."

"ముప్పై ఆరేళ్ళయింది పెళ్ళై. ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. అయినా ప్రత్తిపాడులో ఈదడానికి నీళ్ళెక్కడున్నాయండీ?"

అది సగం నిజమే. మిగతా సగం అక్కడే కూర్చుని చెప్పాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అన్నయ్య నా నడుముకి తాడు కట్టి కాలవలోకి దింపాడు. పదో ఏటికల్లా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అన్నయ్యకన్నా ముందు చేరేదాన్ని. పద్నాలుగో ఏట ఎవరో పెద్దమనిషి మా నాన్నతో, ఆడపిల్ల తడిబట్టలతో కాలవ గట్టు మీద తిరగడం ఏమిటని అన్నాడు. నాన్న కోప్పడలేదు. రేపట్నుంచి వద్దమ్మా అన్నాడు, అంతే. అన్నయ్య ఈదుతూనే ఉన్నాడు, కాలేజీలో కప్పు కూడా గెలిచాడు. ఆ కప్పు మా పుట్టింట్లో అద్దాల బీరువాలో ఉంటే, పెళ్ళికి ముందు వారం వారం నేనే తుడిచేదాన్ని.

ఆయన లేచి, ఈత బట్టలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుందాం పద అన్నారు. ఆయనకు ఈత రాదు. నీళ్ళంటే భయం కూడా. సూర్యలంక బీచికి వెళ్ళినా ఒడ్డునే నిలబడి చెప్పులు కాపలా కాసే మనిషి.

నల్లటి, మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా ఉండే ఈత దుస్తులు దొరికాయి. నాలుగో రోజు పదింటికి అదే చోటికి వెళ్ళాం. పాదాలు పెట్టాను. మోకాళ్ళ దాకా బాగానే ఉంది. నడుము మునిగేసరికి ఊపిరి గొంతులో ఆగిపోయింది. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఎంతమంది నాడి పట్టి చూశానో లెక్కలేదు, నా నాడి చూసి నాకే భయం వేసింది. నిమిషం నిలబడ్డానేమో, వెనక్కి వచ్చేశాను.

ఆయన తువ్వాలు కప్పి, "చూశాం కదా, చాల్లే. జలుబు చేస్తుంది," అన్నారు. ఆ మాట ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. యాభై ఏళ్ళ కిందట నాన్న కూడా అంత మెత్తగానే చెప్పాడు.

పక్కన ఒళ్ళు తుడుచుకుంటున్న ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. పేరు ఎలేని. డెబ్బై నాలుగేళ్ళు, బట్టల మిల్లులో పని చేసి రిటైరయింది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే మోస్తరు కాబట్టి బాగా అర్థమైంది. నువ్వు చేసిన తప్పు ఒక్కటే, ఊపిరి బిగబట్టావు అంది. ముందు ముఖం, మెడ తడుపుకోవాలి. నీళ్ళు నడుము దాటేటప్పుడు ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలాలి. వదులుతూ ఉంటే ఒక నిమిషానికి ఒళ్ళే సర్దుకుంటుంది. గుండె జబ్బుందా, బీపీ ఉందా అని కూడా అడిగింది. లేవని చెప్పాను. "అయితే ఎల్లుండి పదింటికి రా. నేను పక్కనే ఉంటా," అంది.

ఐదో రోజు వాన. పురావస్తు మ్యూజియం నుంచి రెండింటికి బయటికి రాగానే మొదలైంది. మ్యూజియం తప్పకుండా చూడండి. సముద్రం అడుగున దొరికిన కంచు విగ్రహం ఒకటుంది, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డ దేవుడు. నేను ఆ భుజాలే చూస్తూ ఉండిపోయాను. వాన మొదలవగానే నా కళ్ళు అలవాటుగా పట్టాల కోసం వెతికాయి. మా వైపు ఈ రోజుల్లో చినుకు పడితే కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పడానికి ఊరంతా పరిగెడుతుంది. ఇక్కడ ఎవరూ పరిగెత్తలేదు. మా ఆయన గొడుగు మూసేసి మెట్ల మీద నిలబడ్డారు. కళ్ళద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. "ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పాను. ఇవాళ తడిశాను," అన్నారు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయన కోరిక తీరిందన్న సంతోషం, నాది ఇంకా తీరలేదన్న దిగులు, రెండూ కలిసి వచ్చిన ఏడుపు.

ఆరో రోజు ఆకాశం కడిగినట్టుంది. పది గంటలా ఐదు నిమిషాలకు నీళ్ళ దగ్గర ఉన్నాం. ఎలేని అప్పటికే వచ్చి ఉంది. ముఖం తడుపుకున్నాను, మెడ తడుపుకున్నాను. అడుగు వేస్తూ ఊపిరి వదిలాను. చలి నడుము దగ్గర కత్తిలా తగిలింది. వదులుతూనే ఉన్నాను. ఛాతీ మునిగింది. ఒక్క క్షణం వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. అప్పుడు కాళ్ళు ఇసుకను వదిలేశాయి.

చేతులకు అంతా గుర్తుంది. యాభై ఏళ్ళుగా నా బుర్ర మర్చిపోయినా, భుజాలు మర్చిపోలేదు. మూడు బారలు వేసేసరికి నీళ్ళు నన్ను మోస్తున్నాయి. కాలవ నీళ్ళు ఎర్రగా, ఒండ్రు వాసనతో ఉండేవి. ఇవి ఉప్పగా, అడుగున రాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఎదురుగా రాళ్ళ గట్టు ఉంది. దాని చివర దాకా వెళ్దామా అని ఎలేని చేత్తో చూపించింది. వెళ్దామన్నాను. గట్టు చివరి రాయిని చేత్తో తాకి వెనక్కి తిరిగాను. తాకినప్పుడు నాకు నవ్వొచ్చింది, నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి, అయినా నవ్వు ఆగలేదు.

ఒడ్డుకు వస్తూ చూస్తే మా ఆయన బెంచీ మీద లేరు. ప్యాంటు పైకి మడిచి, బూట్లు ఒక చేత్తో పట్టుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఇంకో చెయ్యి ముందుకు చాపి, గడియారం వైపు చూస్తున్నారు. "పన్నెండు నిమిషాలు," అన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని ఒడ్డుకు నడిచాను. ఎలేని ఫ్లాస్కులోంచి వేడిగా ఏదో ఆకుల టీ పోసిచ్చింది. మిగతా ఆడవాళ్ళు వచ్చి ఒక్కొక్కరే నా భుజం తట్టి వెళ్ళారు.

"మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి," అన్నారు మా ఆయన.

పొన్నూరులో అప్పుడు మధ్యాహ్నం రెండు. జరిగింది చెప్పాను. ఎంత దూరం అని అడిగాడు. కాలవకి ఆరింతలు ఉంటుందన్నాను. అన్నయ్య, "ఆ కప్పు నీదే సరోజా. నాకు అప్పుడే తెలుసు," అన్నాడు. నేను తువ్వాలులో ముఖం పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు మేం ఇంకేమీ చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

మర్నాడు సాయంత్రం విమానం. హైదరాబాదులో బంధువుల ఇంట్లో ఒక రోజు ఆగి, సికింద్రాబాదులో గుంటూరు రైలెక్కాం. ఎదురు సీటులో డెబ్బై ఏళ్ళావిడ, తెనాలిలో దిగాలి. మా పెట్టెలకున్న విమానం కాగితాలు చూసి ఎక్కడి నుంచని అడిగింది. ఏథెన్స్ అని చెబితే, అక్కడ చూడటానికి ఏముంటాయి అంది. మా ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఇక స్తంభాల లెక్క మొదలవుతుందని నేను కిటికీ వైపు తిరిగాను.

"మా ఆవిడ సముద్రంలో ఈత కొట్టిందండీ," అన్నారు ఆయన.

ఆవిడ నన్ను తేరిపార చూసింది. మిర్యాలగూడ దాటి రైలు కృష్ణ మీదికి వచ్చింది. మా ఆయన కునుకు తీస్తున్నారు. ఆవిడ నదిని చూస్తూ, నాకు మాత్రమే వినబడేటట్టు, "నాకూ వచ్చమ్మా ఈత," అంది. "మా వారికి చివరిదాకా తెలీదు."

ఎంత దూరం వెళ్ళేవారని అడిగాను. "అవతలి ఒడ్డు దాకా," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా అయింది. గుంటూరు వచ్చేదాకా మేమిద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఏథెన్స్ చలికాలంలోనే వెళ్ళండి. గుళ్ళు చూడండి, వానలో తడవండి, పులుపు నారింజ జోలికి మాత్రం పోకండి. మీలో ఎవరికైనా ఈత వచ్చి, ఆ సంగతి ఇంట్లో తెలియకపోతే, పెట్టె సర్దేముందే చెప్పేయండి.