ఇందులో ఏం పెట్టుకుంటారు?

నానిన తాటాకు వాసన తగిలితే చాలు, వెనక నుంచి ఎవరో ఏదో అడగబోతున్నట్టు ఉంటుంది నాకు. ఈ ఉదయం తొట్టిలోంచి ఆకు చీలికలు తీసి తుడుస్తుంటే మళ్లీ అలాగే అనిపించి, తల తిప్పి చూశాను కూడా. రూతక్క లేదు. పోయి ఏడాది కావస్తోంది.

విడవలూరు దగ్గర మా ఊళ్లో మావి పక్కపక్క ఇళ్లు. నేను కొత్త కోడలిగా వచ్చేనాటికే ఆమె తన తాటాకు బుట్టలకు ఫోనులో ఒక పేజీ పెట్టుకుని, దూరదూరాలకు పార్సిళ్లు పంపేది. ఒంటి మనిషి, ఇల్లు గడిచేది దానితోనే. నేను అల్లిక నేర్చుకుందామని వెళ్లి, మెసేజీలకు జవాబులు రాసే పనిలో కుదురుకున్నాను.

రూతక్కకున్న ఆరా ఊళ్లో కాకులకు కూడా లేదు. ఎవరైనా బుట్ట కావాలని రాస్తే, ధర చెప్పకముందే నాచేత అడిగించేది: "ఇందులో ఏం పెట్టుకుంటారు?" చేపలకైతే నీళ్లు కారేలా సందులు విడవాలి, బియ్యానికైతే గింజ జారకుండా బిగించాలి. సంతలో అందరూ అడిగే మాటే అది. ఫొటో చూసి కొనేవాళ్లకు మాత్రం వింతగా ఉండేది. "మీకెందుకండీ?" అని ఒకాయన విసుక్కున్నాడు.

"నిజమే కదక్కా, కొన్నాక వాళ్ల ఇష్టం," అన్నాను.

"అట్టంటే ఎట్టా మే? నేనల్లిన బుట్ట ఎవురింట్లో ఏం మోస్తుండాదో నాకు తెలియొద్దా?"

జవాబులు చదివి వినిపిస్తుంటే ఆమె అల్లడం ఆపేసేది. బెంగుళూరులో ఒకావిడ బుట్టలో పిల్లిని పడుకోబెడుతోంది. ఒక పెద్దాయన పాత రేడియో పెట్టుకున్నాడు. ఇంకొకావిడ అందులో దాచిన సగం స్వెట్టరును, మనవరాలు ఎదిగిపోయిందని విప్పి మళ్లీ అల్లుతోంది. "ఆ పిల్లి ఈనిందేమో అడుగు మే," అనేది రూతక్క. పని చెడుతోందని నేను కసురుకునేదాన్ని గానీ, ఆ కబుర్లంటే నాకూ చెవి కోసుకునేంత ఇష్టం.

ఒకసారి క్రిస్మస్ ముందు, ఆర్డర్లు జోరుగా వచ్చే రోజుల్లో, ఆకు తీయడానికి రూతక్క తొట్టి మీదికి వంగితే బొడ్లో దోపుకున్న ఫోను నీళ్లలో పడి పాడైంది. పేజీ పాస్‌వర్డు ఆ ఫోనుకు తప్ప మాకెవరికీ తెలియదు. నా ఫోనులో చూస్తే పేజీ కనిపిస్తూనే ఉంది, లోపలికి పోలేం. కొత్త పేజీ తెరిచి, ఆ మాట పాత పేజీ కామెంట్లలో పెట్టాం. "ఇది దొంగ పేజీ, ఎవరూ నమ్మకండి" అని వరసగా హెచ్చరికలు! వాళ్లననీ లాభం లేదు. రూతక్క మొహం చిన్నబోవడం అప్పుడే చూశాను.

"నేను నేనేనని ఎట్టా చెప్పేది మే?" అంది. ఈ సీజను పోతే ఆమెకు ఏడాదంతా కటకటే.

కాసేపటికి ఏమనుకుందో, చేతులు తుడుచుకుని నా ఫోను ముందు కూర్చుంది. వీడియో తీయమంది. నమ్మండని బతిమాలలేదు. "బెంగుళూరమ్మా, పిల్లి ఈనిందన్నావే, కూనలు ఆ బుట్టలోనే పడతుండాయా, ఇంకోటి అల్లాల్నా? రేడియో పెద్దాయనా, గరగర తగ్గిందా? స్వెట్టరు ఈసారన్నా బిడ్డకు సరిపొయ్యిందా అమ్మా?" అంటూ ఒక్కొక్కరినీ పలకరిస్తూ పోయింది.

ఆ వీడియోను పాత పేజీ కామెంట్లలో పెడితే, మధ్యాహ్నానికి మొదటి జవాబొచ్చింది. "ఈమె రూతమ్మే. మా పిల్లి పురుడు ఇంకెవరికి పట్టింది?" దాని కింద పెద్దాయన: "గరగర తగ్గలేదమ్మా." నేను చదువుతుంటే రూతక్క నవ్వుతూనే ఏడ్చింది. ఆ క్రిస్మస్‌కు మాకు తీరిక లేకపోయింది.

ఇప్పుడు పేజీ నేను నడుపుతున్నాను. నా అల్లికకు ఆమె బిగువు రాలేదు. ఆమె పోయిందని ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నిన్న ఆ మాట రాసి, ఆమె ప్రశ్నే కింద పెట్టాను: "రూతక్క బుట్టలో ఇప్పుడేం పెట్టుకున్నారు?"

ఈ ఉదయం బెంగుళూరు ఆవిడ ఖాళీ బుట్ట ఫొటో పంపింది. పిల్లి ముసలిదై చనిపోయిందట. "ఇంత చిన్న విషయం ఎవరితో చెప్పుకోను? రూతమ్మ అయితే అడిగేది," అని రాసింది.

తడి చేతులు చీరకు తుడుచుకుని అడిగాను: "దాని కూనలు ఎట్టా ఉండాయమ్మా?"