తిప్ప మీద కూర్చున్న చుక్క

నేను మోస్తున్న బరువు ఒక కుక్క. బతికున్నప్పుడు అది పెద్ద బరువేమీ కాదు. అడవిపంది దాని కాలు చీల్చిన రోజున మా అన్నయ్య ఒక భుజం మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. చచ్చాక నేను మోస్తున్నాను, ఇన్నేళ్లుగా, ఎక్కడ దించుకోవాలో తెలియక. ఇది చదివే మీకు చెబితే దిగుతుందని కాదు. చెప్పకుండా ఉండటం ఇక నా వల్ల కావడం లేదు.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఊరు. సాగు మానేసి ఎండబెట్టేసిన రొయ్యల గుంటల పక్కన, ఒకప్పుడు మేత బస్తాలు పెట్టుకున్న షెడ్డులో వేటకుక్కల్ని సాకుతున్నాను. ఇప్పుడు కుందేలును పట్టినా కేసు పెడుతున్నారు. వేట మానుకున్నవాళ్లు కుక్కల్ని సరుగుడు తోటల్లో వదిలేసి పోతున్నారు. వేటకుక్క ఇంటికి పనికిరాదు, కోళ్లను బతకనివ్వదు, బిడ్డల్ని కరుస్తుంది అని ఊరంతా అనేది. నేను గడప గడపకూ తిరిగి వాదించాను. నోరు పారేసుకున్నాను కూడా, నాకు ఓపిక తక్కువ. ఇప్పుడు ఒక కుక్క టీ కొట్టు బల్ల కింద పడుకుంటుంది. ఇంకొకటి బట్టలు కుట్టే ఆమె మిషను పక్కన ఉంటుంది. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడల్లా అది ఆమె చీర చాటుకు దూరుతుందట, ఫోన్ చేసి నవ్వుతూ చెబుతుంది.

అందరూ నన్ను మంచివాడంటారు. మొన్న శాలువా కూడా కప్పారు. ఆ మాట చెవిన పడితే చాలు, లేచి ఏదో ఒక పని వెతుక్కుంటాను. కడిగిన గిన్నె మళ్లీ కడుగుతాను. కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు.

కుక్కను తీసుకెళ్లేవాళ్లకు ఒక్క షరతు పెడతాను. దానికి ఎప్పుడూ ‘ఉండు’ అని చెప్పకూడదు. ఎందుకని అడిగితే విసుక్కుంటాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మా వైపు వేటగాళ్లు పనికిరాని కుక్కను చంపరు. తిండి సంపాదించి పెట్టిన జీవం కదా, చంపితే పాపం. పడవలో తీసుకెళ్లి, సరస్సు మధ్య మనుషులుండని మట్టి తిప్ప మీద ఒక పూట అన్నం పెట్టి వదిలేసి వస్తారు. తిప్పకు దించడం అంటారు దాన్ని. చేతికి రక్తం అంటదు. తర్వాత జరిగేదానికి ఎవరూ జవాబుదారు కారు.

చుక్క అన్నయ్య కుక్క. నుదుటి మీద తెల్లమచ్చ. కాలు కుంటిదయ్యాక కుందేళ్ల వెంట పరుగెత్తలేక, బాతులు మేపే శీనయ్య మంద మీద పడేది. అన్నయ్య మంగళూరు వైపు బోట్ల మీద పనికి వెళ్లిన కాలంలో శీనయ్య చచ్చిన బాతుల్ని తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. తిట్టలేదు. “కట్టేసుకోండి అబ్బయ్యా” అని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నేను తిరిగి తిట్టి ఊరుకునేవాణ్ణి. ఇరుగుపొరుగు చూస్తుండగా ఆ మెత్తటి మాట నన్ను కోసేసింది. కట్టేస్తే సరిపోయేది. గొలుసు ఇంట్లోనే ఉంది. అయినా మర్నాడు పొద్దున్నే పడవ తీశాను. ఎందుకు? సిగ్గుతోనా? రోజూ దానికి వండిపెట్టే చాకిరీ తప్పుతుందనా? ఇన్నేళ్లుగా తిరగేసి చూస్తున్నాను, నాకు అనుకూలమైన కారణం ఒక్కటీ దొరకలేదు.

పడవను చూడగానే చుక్క కుంటుకుంటూ వచ్చి తనే ఎక్కింది. పడవ అంటే దానికి వేట. తోక ఆడిస్తూ ముందు కూర్చుంది. తిప్ప మీద అన్నం పెట్టాను, తినేసింది. నీళ్లు పెట్టలేదు. చుట్టూ నీళ్లే కదా అనుకున్నాను. సరస్సులో నీళ్లు ఉప్పగా ఉంటాయని పుట్టినప్పటి నుంచి తెలిసినవాణ్ణి, అలా ఎలా అనుకున్నాను? మరిచిపోయానా, గుర్తుండే పెట్టలేదా?

నేను తిరిగి పడవ ఎక్కబోతే వెంట వచ్చింది. అప్పుడు ఆ మాట అన్నాను. వేటలో మేము కుక్కను పొదకు ఒక పక్క కూర్చోబెట్టి ‘ఉండు’ అంటాం. మనుషులు చుట్టూ తిరిగి వెళ్లి అటు నుంచి కుందేలును తరుముకొస్తారు. అప్పటిదాకా మంచి కుక్క కదలదు. చుక్క మంచి కుక్క. ‘ఉండు’ అనగానే చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంది. నేను గడకర్రతో పడవను తోసుకుంటూ దూరమవుతుంటే మొరగలేదు. కుందేలును తోలుకురావడానికి వెళ్తున్నాననుకుంది.

ఎండలు ముదిరి సరస్సు వెనక్కి తగ్గిపోయాక మళ్లీ వెళ్లాను. పడవ అక్కర్లేకపోయింది. మోకాలి లోతు కూడా లేదు, ఒడ్డు నుంచి నడిచే వెళ్లాను. కుంటి కుక్క కూడా నడిచి రాగలిగేటంత నీరు. చుక్క నేను కూర్చోబెట్టిన చోటే ఉంది. చచ్చి ఎన్నాళ్లయిందో తెలియలేదు. ముఖం మాత్రం నా పడవ వెళ్లిన వైపే ఉంది.

అన్నయ్య తిరిగొచ్చి సంచి కూడా దించకుండా అడిగాడు.

“చుక్క యాడరా?”

“కనపడటం లేదన్నా.”

ఆయన సంచి అరుగు మీద దించాడు. ఎవరో బాతుల సంగతి అప్పటికే చెప్పినట్టున్నారు.

“శీనయ్యేమన్నా మందు పెట్టినాడా?”

“ఏమోన్నా.”

అంతే నేను అన్నది. పెట్టాడని అనలేదు కదా అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ ‘ఏమో’ చాలింది. అన్నయ్య ఊరంతా చెప్పాడు. కోత అయిన పొలాల్లో రాలిన గింజల మీదే బాతుల మంద బతుకుతుంది. కుక్కకు మందు పెట్టి చంపేవాడి బాతుల్ని మా వరిమళ్లలో దిగనిచ్చేది లేదని ఒకరి తర్వాత ఒకరు అన్నారు. శీనయ్య మంద అమ్ముకుని రొయ్యల గుంటల దగ్గర కాపలాకు చేరాడు. ఒట్టు వేసి చెప్పినా ఎవరూ వినలేదు. నేను ఆ గుంపులోనే నిలబడి ఉన్నాను.

ఈమధ్య అన్నయ్య లేని వేళ చూసి శీనయ్య మా షెడ్డుకు వచ్చాడు. ముసలివాడైపోయాడు. ఉచ్చులో కాలు తెగిన ఒక వేటకుక్కను తన పైగుడ్డలో చుట్టి, సైకిల్ మీద పెట్టుకుని తోసుకుంటూ తెచ్చాడు. దాన్ని నా చేతుల్లో పెట్టి ఒక్కటే కోరాడు.

“నేను తెచ్చినానని మీ అన్నకు చెప్పబాక అబ్బయ్యా. మందేమన్నా పెట్టినాడేమో అనుకుంటాడు.”

నేను తల ఊపాను. కుక్కను లోపలికి తీసుకెళ్లి కట్టు కట్టాను. ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు.

అన్నయ్య ఇప్పుడు నాతోపాటే షెడ్డులో పని చేస్తాడు. ఇది రాస్తుంటే కిటికీలోంచి కనిపిస్తున్నాడు, శీనయ్య తెచ్చిన కుక్కకు కట్టు మారుస్తున్నాడు. ఎవరు తెచ్చారని అడిగితే తోటలో దొరికిందన్నాను. నన్ను క్షమించమని ఆయన్నీ, శీనయ్యనీ అడిగే ముఖం నాకు లేదు. మీరు క్షమించినా ఆ మంద తిరిగి రాదు. ఈ కాగితం తీసుకుని కిటికీ అవతలున్న అన్నయ్య దాకా నడవగలనో లేదో తెలియదు. ‘ఏమో’ అని మాత్రం ఇక అనను. ఇంతవరకూ రాశాక ఊపిరి కాస్త లోపలికి దిగుతోంది, అది నిజం.

చుక్కకు శీనయ్య మందు పెట్టలేదు. నేను దాన్ని ఉండమన్నాను. అది ఉంది.