ముప్పై రెండు, కొంచెం లూజు

సోమవారం పొద్దున ఎమ్మిగనూరులో పిల్లలకు కంప్యూటర్ ల్యాబ్‌లో సి ప్రోగ్రాంలు చేయిస్తుంటే ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. "మీ మామ పోయినాడప్పా," అంది అత్త. నాలుగు రోజులుగా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని కూడా నాకు అప్పుడే తెలిసింది.

మామ అంటే ఆదోనిలో మా పక్కింటి టైలర్. సాయిబుల ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆయన మామ, నేను అల్లుణ్ణి. మీరు నవ్వుతారు గానీ, నేను ఇప్పుడు పిల్లలకు చెప్పే సి భాషలో పనికొచ్చే ముక్క ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయనకు ఇంగ్లిష్‌లో అంకెలూ, ఎల్ అనే అక్షరమూ తప్ప ఇంకేమీ రావు. ఎల్ అంటే లూజు.

డిప్లొమాలో నేను సి ల్యాబ్ రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఒకటే కథ. నా ప్రోగ్రాం అంకె అడిగేది, పరీక్షకు వచ్చిన సారు కావాలని అక్షరం కొట్టేవాడు, ప్రోగ్రాంకు పిచ్చెత్తేది. మూడోసారి కూడా తప్పితే చదువు మాన్పించి పత్తి మిల్లులో పెడతానని నాన్న తేల్చి చెప్పాడు. ఊరికే అనలేదు, మిల్లు మేస్త్రీతో మాట్లాడి మరీ వచ్చాడు.

ఈసారి టైలర్ అంగడికి పనికొచ్చే ప్రోగ్రాం రాద్దామనుకున్నాను. ఛాతీ, నడుము, పొడవు అడిగి రాసిపెట్టుకుంటుంది, అంతే. స్నేహితుడి ల్యాప్‌టాప్ అడుక్కొచ్చి మామ ముందు పెట్టాను. ఆయన చెవి మీది సుద్దముక్క తీసి పక్కన పెట్టి, పెదాల మధ్య గుండుసూదులు మాత్రం అట్లే ఉంచుకుని, ఒక వేలితో మొదలుపెట్టాడు. ఛాతీ ముప్పై ఆరు. బాగుంది. నడుము దగ్గర 32 కొట్టి, పక్కనే ఎల్ కొట్టాడు.

ఇంక చూడాలి. తెర నిండా పొడవెంత, పొడవెంత, పొడవెంత అంటూ వరసలు పైకి పరిగెత్తాయి. మామ గుండుసూదులు చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందల్లుడా ఇది. జవాబు సెప్పనీకుండా అడుగుతానే ఉండాది. కొంచెం ఊపిరి తీసుకోమను."

"నువ్వు తప్పు కొట్టినావు మామా. అంకె ఒక్కటే కొట్టాల."

"నేనేం తప్పు కొట్టలా. గిరాకీ ఎట్ల సెప్తాడో అట్లనే కొట్టినా. ముప్పై రెండు, కొంచెం లూజు."

జరిగింది ఏమిటంటే, ప్రోగ్రాం 32 తీసుకుని ఎల్‌ను లోపలే వదిలేసింది. పొడవు అడిగేసరికి ఆ ఎల్ అడ్డం వచ్చింది. అది అంకె కాదు కాబట్టి మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే ఎల్ తగిలింది. ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు. అదే సాయంత్రం అంగడికి వచ్చిన ఒక పత్తి వ్యాపారి పొట్ట వల్ల తెలిసింది.

నడుమెంత అని అడిగితే ఆయన పొట్ట లోపలికి బిగబట్టి ముప్పై రెండు అన్నాడు. మామ కాదనలేదు. "అట్లనే అన్నా," అన్నాడు, కానీ రాసుకోలేదు. చాయ్ తెప్పించాడు. ఈసారి పత్తి ఎట్ల వస్తాందన్నాడు. వ్యాపారి వాన మీదా కూలీల మీదా పడి తిట్టుకుంటూ చాయ్ తాగుతుంటే పొట్ట దాని చోటికి అది వచ్చేసింది. అప్పుడు టేపు చుట్టాడు. ముప్పై తొమ్మిది.

వ్యాపారి వెళ్ళాక మామ నాతో అన్నాడు: "మొదటి జవాబు ఆడనే కూసోనుంటే, నువ్వు పదిసార్లు అడిగినా అదే వస్తాది. దాన్ని ముందు బయటికి పోనియ్యల్ల. ఆ తర్వాత అడగల్ల."

ఆ రాత్రే ప్రోగ్రాం మార్చాను. వచ్చింది అంకె కాకపోతే, ఆ వరసలో మిగిలిందంతా చదివి పారేసి, అప్పుడు మళ్ళీ అడగాలి. మిగతా నియమాలు మామే పెట్టాడు. ఇరవైకి తక్కువా, అరవైకి ఎక్కువా నడుము ఆయన అంగడికి ఎప్పుడూ రాలేదట. తప్పు అనే మాట తెర మీద కనబడకూడదట, తప్పన్నాక గిరాకీ మళ్ళీ వస్తాడా అన్నాడు. "మూడుసార్లు అడుగు. అప్పటికీ సక్రమంగా సెప్పకుంటే పాత చొక్కా తెమ్మను, దాన్నే కొలుస్తాం."

పరీక్ష రోజు సారు అక్షరాలు కొట్టాడు. "సరే అన్నా, ఇంకొక్కసారి చెప్పు" అంది తెర. మైనస్ ఐదు కొట్టాడు. "సరే అన్నా" అంది. ఐదువందలు కొట్టాడు. పాత చొక్కా తెమ్మంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇది ఎవరు నేర్పించారని అడిగాడు. మా టైలర్ మామ సార్ అన్నాను. పాసయ్యాను. నాన్న మిల్లు మేస్త్రీ దగ్గరికి ఇంకోసారి పోవలసి వచ్చింది, ఈసారి మిఠాయితో.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాంనూ మామ చెడగొట్టి చూసేవాడు. శుక్రవారం నమాజు కాగానే వచ్చి, అరచేయి పరిచి కీబోర్డు మీద ఒక్క దెబ్బ వేసి, తెర వైపు చూసేవాడు. అది నిలబడితే, "గట్టిదే," అని చాయ్ తాగేవాడు. నాకు ఎన్ని సర్టిఫికెట్లు వచ్చినా ఆ మాటంత సంతోషం ఏదీ ఇవ్వలేదు.

రెండు వారాల కిందట ఫోన్ చేసి, ఎట్లుండావు మామా అన్నాను. "నాకేమప్పా, బండ మాదిరుండా," అన్నాడు. గొంతు సన్నగా ఉంది. క్లాసుకు టైమైందని సరే అని పెట్టేశాను. మూడుసార్లు అడగాలని ముప్పై మంది పిల్లలకు నేర్పేవాణ్ణి, ఆయన్ను ఒక్కసారే అడిగాను. కడుపులో గడ్డ ఉందని, అది నెలల నాటిదని ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పారట. ఇంట్లో వాళ్ళకూ బండ మాదిరుండా అన్న జవాబే.

మామను మట్టి చేసిన మరుసటి రోజు అత్త ఆయన బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని మడత పెడుతోంది. నేనూ ఒక ప్యాంటు తీసుకున్నాను. నడుము పట్టీ లోపల, విప్పేసిన కుట్ల సూది రంధ్రాలు వరసగా కనిపించాయి. ఒక వరస, దానికి లోపల ఇంకో వరస, దానికీ లోపల ఇప్పుడున్న కుట్టు.

"ఇవెప్పుడు తగ్గించుకున్యాడత్తా?"

ఆమె తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "నాకు తెలీదప్పా. అంగట్లోనే కుట్టుకున్యాడేమో."

ఆ కుట్టుకు ఇంకా అంగుళం లోపల, కొత్తగా ఒక సుద్దగీత ఉంది.