బోరు పక్క చెట్టు పిల్లలు

మా పెద్ద వదిన ఆదెమ్మ మంచిదేనా అని అడిగితే మంచిదే అంటాను. ఆకలని ఎవరొచ్చినా కడుపు నింపే పంపిస్తుంది. కాకపోతే మా చిన్న వదిన శోభారాణి పేరు వినబడిందంటే చాలు, ఆమెలో ఇంకో మనిషి లేస్తుంది. శోభారాణి కొత్త చీర కడితే ఈమెకు కడుపు మంట. శోభారాణి ఇంట్లో కుక్కర్ కూత వేస్తే, "ఊరంతా వినాలని గట్టిగ వేయిస్తది" అంటుంది. కుక్కర్‌ను గట్టిగా కూయించడం ఎవరి తరమైనా అవుతుందా? ఈమెతో వాదించే ఓపిక నాకు లేదు. వాళ్ళిద్దరి మొగుళ్ళూ నా అన్నలు. నన్ను ఉన్న ఊళ్ళోనే ఇచ్చారు. నా ఖర్మ కొద్దీ మా ఇల్లు సరిగ్గా ఆ రెండిళ్ళ మధ్య పడింది.

మాది వేంసూరు దగ్గర పల్లె. పెద్దన్న బాబూరావు సేద్యం చేస్తాడు. చిన్నన్న సారంగపాణి సత్తుపల్లి బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ లారీ నడుపుతాడు. నాన్న పోయాక పొలం పంచుకునే రోజు చీటీలు వేస్తే, బోరున్న పక్క చిన్నన్నకు వచ్చింది. ఆ చీటీ తీసింది పెద్ద వదినే, తన చేత్తోనే. అయినా శోభారాణి ఏదో మాయ చేసిందనే ఇప్పటికీ అంటుంది.

శోభారాణి ఆ పొలంలో పామాయిల్ వేసింది. తోట బాగా లేచింది. అందులోనూ బోరు పక్కన ఒక చెట్టుంది, దాని గెల దింపితే ఇద్దరు పట్టుకుని ట్రాక్టర్‌లోకి ఎత్తాలి. దారిన పోయేవాళ్ళు ఆగి ఫోన్లో ఫొటోలు తీసుకునేవాళ్ళు. అటు నుంచి వచ్చిన ప్రతిసారీ పెద్ద వదినకు తలనొప్పి.

వరితో విసిగిపోయిన పెద్దన్న తనూ పామాయిల్ పెడదామన్నాడు. వాళ్ళకున్నది రెండెకరాలే. ఆ మాట చెవిన పడి శోభారాణి పెద్దన్న వాళ్ళ గుమ్మంలోకి వచ్చి, "అక్కా, నర్సరీల నాకు తెలిసినోళ్ళున్నరు. మంచి మొక్కలు ఇప్పిస్తా" అంది. మర్యాదగానే అంది, నేను అక్కడే ఉన్నాను. ఆమె మా ఇల్లు దాటిందో లేదో, పెద్ద వదిన చేతిలోని చేటను గోడకేసి కొట్టింది.

"ఇప్పిస్తదంట! నేనేమన్నా అడుక్కుతిననీకి పోయిన్నా? దాని చేతి మీదుగ ఒక్క మొక్క వచ్చినా నేను ఆదెమ్మనే కాదు."

"మరి మొక్కలెట్ల వదినా?" అన్నాను.

"బోరు పక్క చెట్టు కింద గింజలు రాలి ఎన్ని మొలిచినయో చూసినవా? కలుపని పీకి పారేస్తది అది. ఆ చెట్టుకు పుట్టిన పిల్లలు ఆ చెట్టు లెక్కనే కాస్తయ్ గదా! దాని చెట్టు పిల్లలతోనే దాని తోటను మించిపోతా. అప్పుడు దాని ముఖం చూడాలె నేను."

శోభారాణి పుట్టింటి వాళ్ళతో పర్ణశాల యాత్రకు వెళ్ళిన రోజున ముహూర్తం పెట్టుకుంది మా పెద్ద వదిన మహాతల్లి. మిట్టమధ్యాహ్నం ఎండలో నెత్తిన తట్ట, తట్ట మీద పాత చీర. మా ఇంటి ముందు నుంచే పోవాలి మరి.

"ఏంది వదినా తట్టల?"

"గోంగూర."

గోంగూరకు అంత మట్టిబెడ్డతో సహా వేర్లుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. ఆ చెట్టు కింది మొక్కలు చాలక చుట్టుపక్కల చెట్ల కిందవీ తవ్వుకొచ్చింది. పొద్దు వాలే దాకా ఆ గోంగూర మా వాకిలి ముందు నుంచి పోతూనే ఉంది. పెద్దన్న ఏదో అనబోతే, "నువ్వు ఊకో" అంది. ఆయన ఊరుకున్నాడు. ఆయన ఊరుకోని రోజేదైనా ఉంటే కదా!

పెరట్లో ప్లాస్టిక్ సంచుల్లో ఏడాది పాటు పెంచి, వరి మానేసి, రెండెకరాలూ వాటితోనే నింపింది. ఇల్లు గడవడానికి పెద్దన్న పక్క ఊళ్ళకు కూలికి పోయాడు. ఆమె మాత్రం పిల్లలకు పాలు పట్టినట్టు ఆ మొక్కలకు నీళ్ళు పట్టింది. కొన్నయితే చూస్తుండగానే ఏపుగా లేచాయి. శోభారాణి తోటలో ఆ వయసులో అంత ఎత్తు లేచిన చెట్టు ఒక్కటీ లేదు. పెద్ద వదిన వాటి దగ్గర గుమ్మడికాయలు కట్టించింది, దిష్టి తగలకుండా. ఎవరి దిష్టో వేరే చెప్పాలా?

శోభారాణి అప్పుడప్పుడూ గట్టు మీదకు వచ్చి, కాసేపు చూసి వెళ్ళిపోయేది. పెద్ద వదినకు పండగే పండగ. "చూసినవా శ్రీదేవీ, ఎట్ల కుళ్ళుతుందో! నిద్ర కూడ పడుతలేనట్టుంది పాపం" అనేది. ఆ 'పాపం'లో ఎంత తీపి ఉండేదో నేను చెప్పలేను.

చెట్లు కాపుకు వచ్చాయి. ఏపుగా లేచిన ఆ చెట్లే ముందుగా గెలలు వేశాయి. వేసిన గెల వేసినట్టే నల్లబడి కుళ్ళిపోయింది. ఇంకో గెల వేశాయి, అదీ కుళ్ళింది. మిగతా వాటిలో కొన్నిటి కాయ చూపుకు బాగానే ఉంది గానీ గోరుతో గీరితే గుజ్జు లేదు. పెద్ద వదిన మందు కొట్టించింది, ఎరువు వేసింది, ఇంకో గుమ్మడికాయ కట్టింది. చివరికి పెద్దన్నే పోయి, తోటలు చూడడానికి వచ్చే ఫ్యాక్టరీ మనిషి అనిల్‌కుమార్‌ను పిలుచుకొచ్చాడు.

ఆ అబ్బాయి ఒక కాయ కోశాడు. లోపల మొద్దు పెంకు, దాని చుట్టూ పేరుకు మాత్రం గుజ్జు. ఇంకో చెట్టు కాయ కోస్తే పలుచటి పెంకు, చుట్టూ నూనె కారే గుజ్జు. "మీకు కావాల్సింది ఇదమ్మా" అన్నాడు. తర్వాత పెద్ద చెట్టు దగ్గరికి పోయి కుళ్ళిన గెలను కాలితో కదిపి, "ఇది గొడ్డు చెట్టు. దీని కాయకు అసలు పెంకే రాదు, గెల నిలవదు. మోసే బరువు లేదు కాబట్టే గింత ఎత్తు లేచింది. మొక్కలు ఏ నర్సరీవి?" అని అడిగాడు.

పెద్దన్న ఆకాశం వైపు చూశాడు. పెద్ద వదిన నా వైపు చూసింది. నేనే చెప్పాను, చెట్ల కింద మొలిచినవని.

"అయ్యో! గట్ల పెట్టొద్దమ్మా" అని ఆ అబ్బాయి గట్టు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. "ప్రతి చెట్టుకూ పెంకు సంగతిల రెండు వాటాలుంటయ్. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. నర్సరీ మొక్కకు తల్లి మొద్దు పెంకుది, తండ్రి గీ గొడ్డు లెక్క పెంకు లేనిది, దాని పుప్పొడి పనికొస్తది. చెరొక వాటా కలిస్తేనే గీ పలుచ పెంకు. చెట్టు పెరిగేటప్పుడు ఒక కణం రెండైతది, రెండు నాలుగైతయ్. అప్పుడు రెండు వాటాలకూ నకలు తీసి ప్రతి కణానికీ ఇస్తది. అందుకే ఆ చెట్టు ఎన్నేళ్ళున్నా అదే చెట్టు. కానీ పుప్పొడి, అండం తయారయ్యే కాడ పంపకాలు జరుగుతయ్. జంట విడిపోయి, ఒక్కోదానికి ఒక్క వాటానే పోతది. ఏది ఎవరికి పోతదో మన చేతుల లేదు."

"చీటీలేసినట్టా?" అన్నాడు పెద్దన్న.

"అవ్, చీటీలే. అటు మొద్దు, ఇటు మొద్దు వచ్చిన పిల్ల మొద్దు పెంకు చెట్టయితది. రెండు దిక్కులా పెంకు లేని వాటానే వస్తే గొడ్డు. ఒకటొకటి వస్తే మంచిది. నాలుగు పిల్లల్లో ఇంచుమించు ఒకటి మొద్దు, ఒకటి గొడ్డు, రెండు మంచివి."

ఇంటర్ బైపీసీలో బఠాణీల పేరుతో నేనూ ఈ లెక్క బట్టీ పట్టాను. పరీక్ష హాలు గుమ్మం దాటాక అది నా బుర్రలో ఉంటే ఒట్టు.

పెద్ద వదిన ఒప్పుకోలేదు. "గింజలన్నీ ఒక్క తీరుగనే ఉండె గదా!"

"పెంకు తల్లి ఒంటిదమ్మా. లోపలి పిల్లకు ఏ వాటాలొచ్చినయో పెంకు చెప్పదు. చెట్టు కాసిననాడే తెలుస్తది. అందుకే మొక్కలిచ్చేటప్పుడే అందరికీ చెప్తం, రాలిన గింజల మొక్కలు పెట్టొద్దని. మీ పక్క తోట శోభారాణి గారికైతే నేనే చెప్పిన."

ఆ అబ్బాయి ఏ పాపం ఎరగడు. పెద్ద వదిన ముఖం మాత్రం నల్లబడింది. "దానికి తెలుసా?" అంది. మరుక్షణం చెంగు నడుముకు దోపుకుని నడిచింది. నేను వెనక పరుగెత్తాను. ఆ నడక చూస్తే ఆ రోజు రెండు జుట్లు ఒకదాన్నొకటి పట్టుకోవడం ఖాయమనిపించింది.

శోభారాణి వాకిట్లో కోళ్ళకు నూకలు చల్లుతోంది.

"నీకు తెలుసానే? ఆ మొక్కలు పనికిరావని నీకు ముందే తెలుసా?"

శోభారాణి బొంకలేదు. "తెలుసు. పర్ణశాల నుంచి వచ్చిన నాడే చెట్ల కింద గుంటలు చూసిన. మీ పెరట్ల సంచులు చూసిన."

"మరెందుకు చెప్పలేదే? నాలుగేండ్లు నా నోట్ల మట్టి కొట్టుకుంటుంటే గట్టు మీద నిలబడి చూసినవా?"

"చెప్దామనే గట్టు మీదికి వచ్చేదాన్ని అక్కా. నిన్ను చూస్తే నోరు రాకపోయేది. చెడిపోతే పోనీ అనుకున్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత నంగనాచినా మనం మంచిదనుకున్నది! పెద్ద వదిన చేయి లేచింది, నేను మధ్యలో దూరాను.

"నేను నీకేం చేసిన్నే?"

"ఏం చెయ్యలే. ఆదివారం ఆదివారం బావ నిన్ను బండెక్కించుకొని సత్తుపల్లి పోతడు. ఇద్దరు బజ్జీలు తినొస్తరు. పొయ్యేటప్పుడు ఆయన ఏదో అంటడు, నువ్వు వీపు మీద ఒక్కటేస్తవ్, ఇద్దరు నవ్వుతరు. బండి మలుపు తిరిగేదాక నేను గేటు కాడ నిలబడి చూస్తా." శోభారాణి చేతిలోని నూకలన్నీ ఒక్కసారే చల్లేసింది. "మీ మరిది డ్యూటీ నుంచి వస్తడు, తింటడు, పండుకుంటడు. ఊరోళ్ళంతా ఫొటోలు తీసే చెట్టును ఆయన ఒక్కనాడు చూడలే. నీకు ఆ నవ్వులుండె. ఇగ తోట కూడ కావాల్నా? ఒక్కటన్నా నాకుండనీ అనుకున్న. నీ మీద ఏడ్చిన అక్కా. అంతే."

పెద్ద వదిన చేయి దిగిపోయింది. పక్కనున్న మంచం మీద కూలబడింది.

"ఏందన్నవ్? మళ్ళ చెప్పు."

"నీ మీద ఏడ్చిన."

"నా మీద? నువ్వు?"

"అవ్."

"తోస్తే గానీ స్టార్ట్ కాని ఆ బండిని చూసా?"

"ఆ బండిని చూసే."

పెద్ద వదిన తిట్టలేదు, కొట్టలేదు. లేచి చెంగు సర్దుకుని బయటికి వచ్చింది. దారి పొడుగునా నేనే మొత్తుకున్నాను. "వదినా, నాలుగేండ్లు పోయినయ్. ఆ గొడ్డు చెట్లన్నీ కొట్టించాలె, మళ్ళ మొక్కలు పెట్టాలె. అన్న ఇంకెన్నాళ్ళు కూలికి పోతడు? కనీసం నాలుగు మాటలన్నా అడిగి రావద్దా?"

"కొట్టిద్దాంలే" అంది ఆమె, ఎక్కడో ఆలోచిస్తూ. నాలుగడుగులు వేసి ఆగి నా చేయి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. ఇప్పటికి ఏడుపొచ్చింది రెండెకరాల మీద అనుకున్నాను.

"ఇన్నేండ్లు గేటు కాడ నిలబడి చూసిందంట శ్రీదేవీ. నేను ఒక్కనాడన్నా ఎనక్కి తిరిగి దాని ముఖం చూడకపోతిని గదా!"