కామాక్షమ్మకు క్షయ కాదు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు నన్ను ఆత్మకూరు తాలూకా ఆస్పత్రికి అసిస్టెంట్ సర్జనుగా వేశారు. పేరుకు సర్జనే గాని, నేను కోసినవి చాలావరకు సెగ్గడ్డలు. ఛాతీ జబ్బులకు మా దగ్గరున్నవి స్టెతస్కోపు, తెమడ చూసే మైక్రోస్కోపు. ఎక్స్‌రే కావాలంటే నెల్లూరు పోవాలి.

ఉదయగిరిలో చిల్లర కొట్టు నడిపే చెంచయ్య తన భార్య కామాక్షమ్మను బస్సులో తీసుకొచ్చాడు. ఆమెకు పాతికేళ్లుంటాయి. నాలుగేళ్లుగా అప్పుడప్పుడు దగ్గులో నెత్తురు పడుతోంది. అందరూ క్షయ అన్నారు. ఆమెకు వేరే కంచం, వేరే చెంబు, వసారాలో పడక. అయిదేళ్ల కొడుకును అత్తగారే పెంచుతోంది. తల్లి చేతికి ఇవ్వరు.

నాకు అనుమానం తెప్పించింది ఆమె ఒళ్లే. అన్నేళ్ల క్షయ అయితే మనిషి చిక్కి సగం కావాలి, ఈమె నిండుగా ఉంది. సాయంకాలపు జ్వరం లేదు. తెమడలో క్రిములు లేవు. నెమ్ము చేసినప్పుడల్లా కుడివైపు కిందిభాగానికే చేసేదట. అక్కడ స్టెతస్కోపు పెడితే సన్నని ఈల. ఉబ్బసమైతే రెండువైపులా వినబడాలి. ఒక్కచోటే ఉందంటే గాలిగొట్టంలో ఏదో అడ్డుపడుతున్నట్టు.

బ్రాంకియల్ ఎడినోమా అనే అరుదైన గడ్డ గురించి చదువుకునే రోజుల్లో విన్నాను. గాలిగొట్టం లోపల పుట్టి ఏళ్ల తరబడి నిదానంగా పెరుగుతుంది, ఊరికే నెత్తురు కారుతుంది. ఊపిరితిత్తి కేన్సరులా మనిషిని త్వరగా తినేయదు. ఆ భాగం కోసి తీసేస్తే చాలామంది మామూలుగా బతుకుతారు. కాకపోతే అప్పట్లో ఛాతీ కోయడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇదంతా చెబితే చెంచయ్య తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం అడిగింది.

"గడ్డయితే అంటుకోదు గదా సార్? బిడ్డను ఎత్తుకోవచ్చునా?"

మద్రాసులో గొంతులోంచి గొట్టం దించి, ముక్క తీసి చూస్తేగాని ఖాయంగా చెప్పలేనన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే చిరాకేసింది.

మద్రాసులో అదే గడ్డ అని తేల్చారు. ఆపరేషనుకు ఒప్పుకుంది గాని, ముందు కొడుకును చూడాలని పట్టుబట్టి ఆత్మకూరుకు వెనక్కొచ్చింది. "పోయినాక ఎత్తుకునేదేంది సార్" అంది. అత్తగారికి నేనే కబురు పంపాల్సి వచ్చింది, అంటుకునేది కాదని. ముసలామె పిల్లవాణ్ణి మా ఆస్పత్రికే తీసుకొచ్చింది.

కామాక్షమ్మ చేతులు చాచింది. వాడు అవ్వ కొంగు పట్టుకుని వెనక్కి జరిగాడు.

"పోరా, మీ అమ్మే గదా," అంది అత్తగారు.

"దగ్గరికి పోతే కొడతానంటివే," అన్నాడు వాడు.

ముసలామె మొహం తిప్పుకుంది. కామాక్షమ్మ చేతులు దించుకుని, వాడికి తెచ్చిన బిస్కత్తులు బల్ల మీద పెట్టి, మద్రాసు బస్సెక్కింది.

ఆపరేషను బాగా జరిగింది. మరుసటి ఏడు పరీక్షకు వచ్చినప్పుడు రెండువైపులా గాలి శుభ్రంగా ఆడుతోంది. పిల్లవాడి సంగతి అడిగాను. "ఇప్పుడిప్పుడే నా కంచంలో ముద్ద తింటా ఉండాడు సార్" అంది.

ఆ తర్వాత నేను పనిచేసినంతకాలం, తెమడలోనో ఎక్స్‌రేలోనో రుజువు దొరికేదాకా క్షయ అనే మాట ఇంటివాళ్ల ముందు అనలేదు.