నైసు పిండి

మావారు ముప్ఫై మూడేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పారు. అన్నేళ్ళూ ఆయన ఎర్ర కలం అన్నిటికంటే ఎక్కువగా అరిగింది ఒకే మాట మీద. పిల్లలు వ్యాసం రాస్తే ఆవు నైసు, వానాకాలం నైసు, విహారయాత్ర నైసు, చివరికి వాళ్ళ నాన్న కూడా నైసు. ఆయన వరసగా కొట్టేసుకుంటూ పోయేవారు.

"బద్ధకస్తుల మాటోయ్ ఇది. ఏమీ తోచనప్పుడు పడేసే మాట" అనేవారు నాతో.

నేను అదే బల్లకి ఇవతల కూర్చుని లెక్కల పేపర్లు దిద్దుకునేదాన్ని. నాది కంకిపాడులో ఉద్యోగం. విజయవాడ నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నా పేపర్లలో జవాబు రైటు, కాకపోతే తప్పు. అందుకని ఆయన బాధ నాకు అంతగా అర్థమయ్యేది కాదు.

ఆయన 1996లో రిటైరయ్యారు. అప్పటి నుంచి పొద్దున కాఫీ అయ్యాక లావాటి నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని రోజుకో మాట చొప్పున పైకి చదివి వినిపించేవారు. దాని అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితంతో నేనే అట్ట వేశాను. ఒకనాడు అడిగాను.

"మీరు జీవితమంతా కొట్టేసిన ఆ మాటకి అందులో ఏం రాశారో చదవండి."

ఆయన నవ్వారు. "తెలిసిన మాటని ఎవరైనా వెతుకుతారటోయ్?"

వెతికారు. చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మొదటి నుంచి చదివారు. ఆ మాట పుట్టింది లాటిన్‌లో, 'తెలియనివాడు' అనే అర్థంలో. ఫ్రెంచి వాళ్ళ దగ్గరికి వచ్చి మూర్ఖుడయింది. ఇంగ్లీషులోనూ కొన్నాళ్ళు తెలివితక్కువతనంగానే ఉంది. తర్వాత నాజూకుతనానికి, ప్రతిదానికీ వంకలు పెట్టే స్వభావానికి పేరయింది. అక్కడి నుంచి సన్నని తేడాలకి, అతి సున్నితమైన కొలతకి, కచ్చితత్వానికి చేరింది. బాగుంది, హాయిగా ఉంది అనే అర్థం చివర్లో వచ్చింది.

"ఏమీ తెలియకపోవడంతో మొదలై, పూర్తిగా కచ్చితంగా ఉండడం దాకా నడిచొచ్చిందోయ్ ఈ మాట. నేనేమో బద్ధకం అని కొట్టేశాను" అన్నారు.

నేను బతుకంతా అంకెలతో గడిపినదాన్ని. ఏడు ఎప్పుడూ ఏడే. వెయ్యేళ్ళ కిందట ఏడు, రేపు ఇంకోటి కాదు. మాటలు అలా కాదన్నమాట. మా బ్యారేజీ దగ్గర ఒకే కృష్ణ నీళ్ళు. తలుపులు దాటి ఇటు వెళితే ఏలూరు కాలువ, అటు వెళితే బందరు కాలువ. ఏ ఊళ్ళో ఏ చేలో పారతాయో ఆ నీళ్ళకే తెలియదు.

ఆ మాట మనదాకా వచ్చాక ఏమయిందో చూద్దామని ఇద్దరం కూర్చుని లెక్క తీశాం. నేను డైరీలో రాశాను. ఒంటి మీద నిలవకుండా జారే చీర నైసు చీర. పని చెప్పగానే మాయమైనవాడు నైసుగా జారుకున్నాడు. తియ్యగా మాట్లాడి పని చేయించుకుంటే నైసు చేశారంటాం. 1994లో మా స్కూలు పిల్లల్ని కొండపల్లి తీసుకువెళ్ళినప్పుడు ఒక ముసలాయన ఏనుగు బొమ్మ వీపుని గరుకు కాగితంతో రుద్దుతూ "ఇంకా నైసు రాలేదమ్మా" అన్నాడు. నాకది అప్పటికే అద్దంలా కనిపించింది. ఇక పిండిమర దగ్గర సరేసరి. నైసుగా పట్టాలా, బరకగా పట్టాలా? ఆ ప్రశ్న వినని ఆడది మా ఊళ్ళో ఉండదు.

2003లో ఆషాఢ మాసం, బుధవారం పొద్దున ఆయన పళ్ళు తోముకుంటూ పక్కకి ఒరిగిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. వాటన్నిటికంటే కష్టమైంది, మింగడం పోయింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి, ముక్కులో గొట్టంతో ఇంటికి వచ్చాం.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు ఆయన ఎదుటే చెప్పారు. "చెంచాతో మొదలుపెట్టండమ్మా. నీళ్ళు వద్దు, ముద్దలు వద్దు. ఉగ్గులాగా నైసుగా ఉండాలి. నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. దగ్గొస్తే ఆపెయ్యండి. మూడు వారాల్లో ఒక పూట గిన్నెడు తినగలిగితే గొట్టం తీసేద్దాం. లేకపోతే పొట్టకి చిల్లు పెట్టి అక్కడ వెయ్యాలి."

ఆయన నా వైపు చూశారు. తర్వాత ఎడం చేత్తో దుప్పటి గట్టిగా పట్టుకుని గోడ వైపు తిరిగిపోయారు. పొట్టకి గొట్టం వేస్తే ఆయన ఇక నోరు తెరవరని ఆ క్షణంలోనే నాకు తెలిసింది.

ఇంటికి రాగానే చిన్న స్టీలు గిన్నె తీసి, చెంచాతో నీళ్ళు కొలిచి పోశాను. ఇరవై ఎనిమిది చెంచాలు పట్టింది. గోడ మీది క్యాలెండరులో ఇరవై ఒకటో రోజు చుట్టూ గీత గీశాను. ఆ రోజు లోపల ఇరవై ఎనిమిది. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి డబ్బాలో పోసుకుని కాలువ అవతల సాయిబు గారి పిండిమరకి వెళ్ళాను. ఆయన ఎవరి డబ్బా అయినా చేతిలోకి తీసుకోగానే దేనికని అడుగుతారు. అట్లకా, జంతికలకా, ఉగ్గుకా? దాన్నిబట్టి రాళ్ళ మధ్య ఎడం సరిచేస్తారు.

"ఉగ్గుకా అమ్మా? ఎవరికి, పిల్లలకా?"

"అవునండీ, మనవడికి" అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పానో నాకు తెలుసు. ఆ వీధిలో సగం మంది మావారి దగ్గర చదువుకున్నవాళ్ళు. వాళ్ళకి ఆయనంటే చేతిలో సుద్దముక్క, ఖంగుమనే గొంతు. సారుకి ఇంట్లో ఉగ్గు పెడుతున్నారట అనే మాట ఆ వీధి నోట రాకూడదనుకున్నాను.

మొదటి రోజు మూడు చెంచాలు. రెండో రోజు ఐదు. మూడో రోజు దగ్గు వచ్చింది, నాలుగు. పిండి ఇంకా మెత్తగా ఉండాలేమో అనుకుని మళ్ళీ మరకి పరుగెత్తాను.

"రెండోసారి పట్టండి."

పట్టారు. నాలుగు, మూడు. మళ్ళీ వెళ్ళాను.

"మూడోసారా!" సాయిబు గారు డబ్బా పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "ఏం మనవడమ్మా, నిజాం గారి మనవడా? గాలికి ఎగిరిపోద్ది పిండి."

"మీకెందుకండీ, పట్టండి."

పట్టారు. దాన్ని నేను మళ్ళీ పలచటి బట్టలో జల్లించాను. మూడు, రెండు, రెండు. పిండి ఎంత మెత్తనైతే చెంచాలు అంత తగ్గాయి. విలోమ అనుపాతం అని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసినదాన్ని, కళ్ళ ముందున్న అనుపాతం కనపడలేదు. ఇంకా మెత్తగా ఎలా చెయ్యాలా అనే ఆలోచించాను.

పన్నెండో రోజు రెండో చెంచా గొంతుకి అడ్డం పడింది. ఆయన మొహం నీలమైంది. వీపు మీద కొట్టి, వేలు పెట్టి తీశాను. నా వేలికి అది జిగురులా అంటుకుని వచ్చింది. ఆ తర్వాత చెంచా దగ్గరికి తెస్తే పెదవులు బిగించేశారు.

"ఏవండీ, ఇంకొక్కటి" అన్నాను. కళ్ళు కూడా మూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మరకి వెళితే చప్పుడు లేదు. అరిగిన పై రాయి ఎత్తి పక్కన పెట్టి, సాయిబు గారు ఉలితో గంట్లు కొట్టుకుంటున్నారు.

"ఇవాళ ఆడదమ్మా మర. రేపు రండి."

నేను వెళ్ళలేకపోయాను. గుమ్మంలో కూర్చుండిపోయాను. "మనవడికి కాదండీ. మా ఆయనకి" అన్నాను.

ఉలి ఆగిపోయింది. "ఎవరికీ? సారుకా?"

చెప్పాను. పక్షవాతం, గొట్టం, క్యాలెండరు, మిగిలిన ఎనిమిది రోజులు, అన్నీ.

ఆయనకి కోపం వచ్చింది. "ఇన్నాళ్ళూ మనవడు మనవడని అన్యాయం చేశారేంటమ్మా! మా అబ్బాకి కూడా పక్షవాతమే. ఏడాదిన్నర నా చేత్తో తినిపించాను. పసిపిల్లలకి గొంతు పని తెలుసు, ఏం పోసినా లాగుద్ది. పెద్దాయన గొంతు పని మర్చిపోయింది. మీరు పట్టించింది పోస్టర్లంటించే జిగురు. అంటుకుంటది గానీ దిగదు. పిండిలో కాస్త పలుకుండాలి. నేనొస్తున్నానని గొంతుకి తెలియాలి గదా?"

నిన్న జిగురంటుకున్న వేలిని కొంగుకి తుడుచుకున్నాను.

"నైసంటే మెత్తగా అని కాదమ్మా. ఎవరికి ఎంత కావాలో అంత."

నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని మావారు ఆగిపోయిన పొద్దుటి పూట గుర్తొచ్చింది. ఇంగ్లీషు వాళ్ళు ఎన్నో వందల ఏళ్ళు నడిచి చేరిన చోటుకి ఈయన కాలువ గట్టున కూర్చుని ఎప్పుడు చేరారు?

సాయిబు గారు ఆ రోజే రాయి ఎక్కించారు. గంట్లు కొట్టాక మొదట వచ్చే పిండిలో రాతిపొడి ఉంటుందని నాకూ తెలుసు. పాత నూకలు ఒక డబ్బా పోసి రాళ్ళు శుభ్రం చేశారు. అది పారబోశారు. ఇంకో డబ్బా పోసి అదీ పారబోశారు. అప్పుడు నా బియ్యం గుప్పెడు పోసి, జారే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, రాళ్ళ ఎడం సరిచేసే పిడిని వెంట్రుకవాసి బిగించారు. మళ్ళీ గుప్పెడు. ఇంకాస్త వదిలారు. తల వంచి రాళ్ళ చప్పుడు విన్నారు. అక్కడ కొలబద్ద లేదు, గీత లేదు, అంకె లేదు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఎంతో ఎలా తెలుస్తుందండీ మీకు?"

"వేలు చెప్పుద్దమ్మా" అన్నారు, డబ్బా నింపుతూ. "సారుకి ఒక మాట చెప్పండి. నా వ్యాసంలో నైసుని పదకొండు సార్లు కొట్టేశారు. ఏడుపొచ్చింది నాకు. ఆ మాట అమ్ముకునే ముప్ఫై ఏళ్ళుగా బతుకుతున్నానని చెప్పండి."

ఇంటికి వచ్చి ముందు డాక్టరు గారికి ఫోను చేసి పలుకు సంగతి చెప్పాను. "జిగురు పనికిరాదమ్మా, ఆయన చెప్పింది నిజమే. కొద్దికొద్దిగా పెట్టి చూడండి" అన్నారు. తర్వాత జావ కాచి, మావారి పక్కన కూర్చుని సాయిబు గారి మాట ఉన్నదున్నట్టు చెప్పాను. పదకొండు సార్లు అన్నది కూడా. ఆయన ఎడం పెదవి వణికింది. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు దగ్గేమో అని బెదిరిపోయాను. కాదు, నవ్వు. ఆ నవ్వులో పెదవులు విడితే చెంచా పెట్టాను.

ఆ రోజు ఆరు. తర్వాత తొమ్మిది, పదమూడు, పదమూడు, పద్దెనిమిది. ఒక రోజు పదహారుకి తగ్గింది. మళ్ళీ ఇరవై రెండు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం గిన్నె ఖాళీ అయింది. అడుగు కనిపించింది. నేను లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, లెక్కపెట్టినంతా వేశాను: 27. వేశాక చెయ్యి ఆగిపోయింది. గిన్నెకి పట్టేది ఇరవై ఎనిమిది. గిన్నె ఖాళీ. మరి ఒకటి ఏమైంది?

వెనక మంచం పట్టె మీద టకటకమని చప్పుడైంది. తిరిగి చూశాను. ఆయన ఎడం చెయ్యి పైకెత్తి ఐదు వేళ్ళూ చాపారు, ముడిచారు, చాపారు, ముడిచారు. ఐదుసార్లు. తర్వాత మూడు వేళ్ళు.

ఆయనా లెక్కపెడుతున్నారు. పాలవాడి లీటర్లు కూడా నన్నే అడిగే మనిషి, ఇరవై రోజులుగా ప్రతి చెంచానీ మనసులో లెక్కపెట్టుకుంటున్నారు.

తప్పింది నా లెక్కే. ఎక్కడ తప్పిందో కూడా తెలుసు. తొమ్మిదో చెంచా దగ్గర ఆయన కంఠం పైకి లేచి, తడబడకుండా మళ్ళీ కిందికి దిగడం చూశాను. నెల దాటాక అది తన పని తనే చేసుకుంటోంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను.

27 కొట్టేద్దామని నీలం కలం ఎత్తాను. మంచం పట్టె మళ్ళీ టకటకలాడింది. ఆయన వేలు బల్ల మీదికి చూపిస్తోంది. అక్కడ, గాజు గ్లాసులో, ఏడేళ్ళుగా ఎవరూ ముట్టుకోని ఎర్ర కలం ఉంది.

దానితోనే కొట్టేసి, పక్కన 28 వేశాను. మర్నాడు పదకొండింటికి గొట్టం తీశారు.